ఓడ దిగిన యాక్సిళ్లు

క్రౌన్‌కి 43 పళ్లు, పినియన్‌కి 8. జీపు వెనక యాక్సిల్ గురించి మా నాన్న నాకు నేర్పిన మొదటి సంగతి అది. లెక్క తెలియడానికి హౌసింగ్ విప్పక్కర్లేదు. ఒక వెనక చక్రం నేలకి ఆని ఉండాలి. రెండోదాన్ని జాకీ మీద లేపి, టైరు మీద సుద్దతో గీత గీసి, నిదానంగా రెండు చుట్లు తిప్పాలి. అడుగున ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో ఇంకొకడు లెక్కపెట్టాలి. అయిదు చుట్లు దాటి ఇంకో మూడోవంతు పైచిలుకు తిరిగితే అది 43కి 8, అంటే 5.38. అయిదుకి కొంచెం తక్కువలో ఆగితే 39కి 8, అంటే 4.88. “ముందు పళ్లు లెక్కెట్రా, తర్వాత మాటాడు” అనేవాడు నాన్న. పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్‌లోని మా షెడ్డులో అందరికంటే చిన్నవాణ్ని నేనే. కాబట్టి బండి కిందకి దూరి లెక్కపెట్టే పని నాది.

ఈ రెండు అంకెల తేడాలో ఒక యుద్ధం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్లు చేసిన విల్లీస్ ఎం.బి. జీపుకి వెనక 4.88 ఉండేది. దాని యాక్సిల్ ఫుల్ ఫ్లోటింగ్ రకం. బండి బరువంతా హౌసింగే మోస్తుంది, లోపలి షాఫ్ట్ పని తిప్పడం వరకే. షాఫ్ట్ విరిగినా చక్రం ఊడిపోదు, బండిని లాక్కుపోవచ్చు. యుద్ధం అయ్యాక రైతుల కోసమని అదే జీపుని మార్చి సి.జె. పేరుతో అమ్మినప్పుడు, పొలంలో లాగడానికి శక్తి కావాలని పళ్లు 5.38కి మార్చారు. కొద్దికాలానికే ఫుల్ ఫ్లోటింగ్ తీసేసి సెమీ ఫ్లోటింగ్ పెట్టారు. అందులో షాఫ్ట్ తిప్పడంతో పాటు బరువు కూడా మోస్తుంది. షాఫ్ట్ చివర కోసుగా ఉండి, ఒక చిన్న ఇనప కీ మీద హబ్ కూచుంటుంది, పైన నట్టు బిగుసుకుంటుంది. ఆ నట్టు చాలినంత బిగించకపోతే కీ అరిగి, షాఫ్ట్ మీది గాడి చెడి, ఒకరోజు బండి ఎక్కడ ఉందో అక్కడే ఉండగా లోపల షాఫ్ట్ ఒక్కటే తిరుగుతుంది. మహీంద్రా వాళ్లు 1940ల చివర్లో బొంబాయిలో జీపుల్ని విడిభాగాలుగా తెప్పించి బిగించడం, తర్వాత ఇక్కడే తయారుచేయడం మొదలుపెట్టాక, దేశంలో తిరిగిన జీపుల్లో ఎక్కువ వాటికి ఈ కోసు షాఫ్టే ఉండేది.

నాన్నది శ్రీకాకుళం జిల్లా, సోంపేట దగ్గర పల్లె. 1960ల్లో మద్రాసు వెళ్లి ఓడెక్కాడు. అప్పటికే మా వైపు నుంచి వేటకీ, కూలిపనికీ, కాంట్రాక్టర్ల కింద రోడ్డు పనికీ జనం ఇక్కడికి చేరుతున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ అండమాన్, నికోబార్ దీవుల్లో వందలో 13 మందికి తెలుగు మాతృభాష. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత స్థానం మనదే. నాన్న ముందు దుంగల లారీలు బాగుచేసే చోట హెల్పరుగా చేరాడు. ఆ రోజుల్లో ఇక్కడ బండి అంటే దుంగ కోసం పుట్టిందే. 1883లో పెట్టిన చాథమ్ రంపపు మిల్లుకి పడౌక్, గర్జన్ దుంగలు చేరాలి. అడవిలో ఏనుగులు లాగినదాన్ని లారీ అందుకోవాలి. లారీ వెళ్లలేని దారిలో మేస్త్రీనీ, డీజిల్ పీపానీ, బియ్యం బస్తానీ మోసేది జీపు. షెడ్డులో మా మాట హిందుస్తానీ. రాంచీ వాళ్లు, తమిళులు, బెంగాలీలు, ఖైదీల సంతతి అయిన స్థానికులు అందరూ కలిసి పనిచేసే చోట అది తప్పదు. కానీ పళ్లు లెక్కపెట్టేటప్పుడు మాత్రం ఎవడి భాష వాడిదే.

ఇక్కడి దారులకి 5.38 బాగా సరిపోయింది. 6.00-16 టైరు ఒక చుట్టుకి సుమారు 2.15 మీటర్లు నడుస్తుంది. టాప్ గేరులో ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరిగితే, 5.38తో బండి గంటకి 48 కిలోమీటర్లు పోతుంది. అదే 4.11 పళ్లయితే 63. మెయిన్‌ల్యాండ్‌లో 63 కావాలి. ఇక్కడ 48 ఎక్కడ పోతావు? ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన. రెండు ఋతుపవనాలూ మనల్ని తడిపే పోతాయి. ఎర్రమట్టి ఎత్తులు, వెంటనే పల్లాలు. పోర్ట్‌బ్లెయిర్ నుంచి దిగ్లీపూర్ దాకా 300 కిలోమీటర్ల పైన సాగే ట్రంక్ రోడ్డు పడ్డాక దూరాలు వచ్చాయి గానీ వేగం రాలేదు. జిర్కాటాంగ్ దాటాక జరవా ఆదివాసుల రిజర్వులో కాన్వాయ్‌గా, గంటకి 40 మించకుండా పోవాలి. ఆ రోడ్డు వాళ్ల అడవిని చీల్చుకుంటూ పోయింది. 2002 మేలో సుప్రీంకోర్టు ఆ భాగం మూసేయమంది. అయినా బళ్లు నడుస్తూనే ఉన్నాయి. బళ్ల మీద బతికినవాణ్నయినా నాకు ఈ సంగతిలో సందేహం లేదు. మా సౌకర్యానికి మూల్యం వాళ్లే చెల్లించారు, ఆ కాన్వాయ్ అక్కడ నడవకూడదు.

దూరాలు చెప్తాను, అసలు విషయం వాటిలోనే ఉంది. మద్రాసు ఇక్కడికి 1190 కిలోమీటర్లు, విశాఖపట్నం 1200, కలకత్తా 1255. ఓడ మీద ఇంచుమించు మూడు రోజులు. విశాఖ ఓడ నెలకి ఒకటి వస్తే గొప్ప. సముద్రం బాగోలేకపోతే అదీ లేదు. విజయవాడలో క్రౌన్ పినియన్ అరిగితే మధ్యాహ్నానికి ఆటోనగర్ వెళ్లి సాయంత్రానికి బిగించుకోవచ్చు. 1966లో ఆ ఆటోనగర్ పెట్టినప్పటి నుంచి కోస్తా లారీల కష్టాలు అక్కడే తీరాయి. మాకు అలా కాదు. క్రౌనూ పినియనూ ఫ్యాక్టరీలో ఒకదానితో ఒకటి రాపిడి చేయించి జోడీగా పంపుతారు, రెంటి మీదా ఒకే నంబరు చెక్కి ఉంటుంది. వాటిని విడదీసి వేరే జోడీలో కలిపితే ఈల వేస్తూ అరిగిపోతాయి. గ్రీజు పూసి, గోనెగుడ్డ చుట్టి, చెక్కపెట్టెలో వచ్చిన జోడీలో ఒకదాని నంబరు తప్పుంటే? ఒక బండి ఇంకో ఓడ దాకా షెడ్డులో దిమ్మల మీద కూచోవలసిందే. టాక్సీ వాడి ఇంట్లో అన్నాళ్లూ పొయ్యి ఎలా వెలిగిందో నాకు తెలుసు. వాళ్ల పిల్లలూ నేనూ ఒకే బడి.

అందుకే మా దగ్గర యాక్సిల్ మంచిదా కాదా అనేది బలంతో తేలేది కాదు, విప్పే తీరుతో తేలేది. జీపు వెనక హౌసింగులో పళ్లు లోపలే కూచుంటాయి, వెనక మూత తీసి చేతులు దూర్చాలి. పినియన్ లోతు, బేరింగ్ బిగువు, పళ్ల మధ్య సందు అన్నీ పల్చటి షిమ్ములు వేసీ తీసీ బండి కిందే సరిచూడాలి. పళ్లకి రంగు పూసి తిప్పి, అచ్చు పన్ను మధ్యలో పడిందో, కొసకి పోయిందో చూడాలి. తేడా వస్తే మళ్లీ అంతా విప్పి మళ్లీ మొదలు. అంబాసిడర్ అలా కాదు. అక్కడ హౌసింగ్ మధ్యలో పెద్ద గుండ్రటి కంత ఉంటుంది, పళ్ల సెట్టు మొత్తం ఒక ముద్దగా ముందు నుంచి ఊడివస్తుంది. షాఫ్టులు పక్కకి లాగి, నట్లు విప్పితే చాలు. ఆ ముద్దని బల్ల మీద పెట్టుకుని, వెలుతురులో, వాన పడుతున్నా తీరిగ్గా సరిచేయొచ్చు. ఇంకా మేలు, ఊళ్లో ఒక ముద్ద అదనంగా ఉంటే మధ్యాహ్నం భోజనం వేళకి టాక్సీ మళ్లీ అబెర్దీన్ బజారులో ఉంటుంది. పాతదాన్ని ఓడలో పంపి నిదానంగా బాగుచేయించుకోవచ్చు. అంబాసిడర్ ఇక్కడ అన్నేళ్లు రాజ్యం చేసిందంటే వెడల్పాటి సీటు ఒక్కటే కారణం కాదు, ఈ ముద్ద కూడా.

తేలికబండి సంగతి నాకు తెలిసింది మద్రాసులో. పుదుపేట తుక్కు అంగళ్లకి సామాను కోసం వెళ్లినప్పుడు, ఒక దుకాణంలో సన్నటి యాక్సిల్ ఒకటి గోడకి చేరేసి ఉంది. అది స్టాండర్డ్ గెజెల్‌దని దుకాణం పెద్దాయన చెప్పాడు. దాని కథ తెలిసినవాళ్లు ఇప్పుడు తక్కువ, అందుకే కొంచెం నిలబడి చెప్తాను. మద్రాసు శివారు పెరుంగళత్తూరులో స్టాండర్డ్ మోటార్ వాళ్లు ఇంగ్లండు ట్రయంఫ్ హెరాల్డ్‌ని 1961 నుంచి చేశారు. అందులో వెనక చక్రాలు దేనికది ఊగే స్వింగ్ యాక్సిల్. డిఫరెన్షియల్ ఛాసిస్‌కి బిగిసి ఉంటుంది, రెండు పక్కలా షాఫ్టులు ఊగుతాయి. మలుపులో బండి పైకి లేస్తే చక్రం అడుగు లోపలికి మడుచుకుంటుంది. నలుగురు ఎక్కి సామాను పెడితే రెండు చక్రాలూ కాళ్లు చాపుకున్నట్టు పక్కలకి వాలతాయి, టైర్లు ఒక అంచు తినేసుకుంటాయి. మన మెకానిక్కులకీ, యజమానులకీ అది నచ్చలేదు. 1970ల మొదట్లో అదే 948 సి.సి. ఇంజనుతో, మన దగ్గరే గీసిన కొత్త బాడీతో గెజెల్ తెచ్చినప్పుడు కంపెనీ స్వింగ్ యాక్సిల్ తీసేసి, అడ్డంగా ఒకే దూలంలా ఉండే మామూలు యాక్సిల్ వేసింది. లోకమంతా దూలం వదిలి విడి చక్రాల వైపు పోతుంటే మద్రాసు ఎదురు నడిచింది. ఆ నిర్ణయాన్ని వెనకబాటు అనేవాళ్లున్నారు. నేననను. బండి తిరిగే రోడ్డునీ, దాన్ని విప్పే చేతినీ చూసి తీసుకున్న నిర్ణయం అది. 1977 దాకా కొద్ది బళ్లే చేసి ఆపేశారు, తప్పు మాత్రం యాక్సిల్‌ది కాదు.

స్టాండర్డ్ పేరున్న యాక్సిల్‌కే ఇంగ్లండులో ఇంకో కథ ఉంది. 1957లో కాలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ అనే రెండు సీట్ల కారు తెచ్చాడు. బరువు అయిదొందల కిలోల లోపే. విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే కొనుగోలు పన్ను పడదు, అందుకే చాలామంది పెట్టెల్లో కొన్నారు. తన కంపెనీ చిన్నది కాబట్టి చాప్‌మన్ యాక్సిల్ తయారు చేయలేదు, దొరికినదాన్ని తెచ్చుకున్నాడు. మొదటి వరసకి నాష్ మెట్రోపాలిటన్‌ది, 1960లో వచ్చిన రెండో వరసకి స్టాండర్డ్ కంపానియన్‌ది. బరువూ, ధరా తగ్గించాలని రెండో వరసలో యాక్సిల్‌ని పట్టే కడ్డీల్ని తగ్గించి, ఒక త్రికోణపు చట్రాన్ని డిఫరెన్షియల్ అడుగున బిగించాడు. కుటుంబాల కోసం చేసిన ఆ చిన్న హౌసింగ్ ఆ లాగుడికి మెలితిరిగింది. నూనె కారింది, నూనె లేక బేరింగులు పోయాయి. కొన్నవాళ్లు అడుగున రేకు వెల్డింగ్ చేసి గట్టిపరచుకున్నారు. 1968లో మూడో వరసకి ఫోర్డ్ యాక్సిల్ వచ్చింది. 1973లో ఆ కారు హక్కులు కేటరామ్ వాళ్ల చేతికి పోయాయి, వాళ్లు మోరిస్ యాక్సిల్ కూడా వాడారు. అంటే ప్రపంచంలో పేరుపడ్డ తేలికకారు చరిత్రంతా వేరేవాళ్ల కార్ల వెనక యాక్సిళ్ల చరిత్రే. అందులో చెడింది పళ్లు కాదు, యాక్సిల్‌ని బండికి కట్టిన చోటు. ఈ సంగతి నాకు చాలా పనికొచ్చింది.

ఎందుకంటే 1990ల చివర్లో కొబ్బరితోట ఉన్న ఒక మిత్రుడు తోటలో తిరగడానికి తేలికపాటి ఓపెన్ బండి కావాలన్నాడు. పైపుల ఛాసిస్, రెండు సీట్లు, వెనక కాయలకి చిన్న తొట్టి. పాత మారుతీ జిప్సీ 970 సి.సి. ఇంజను దొరికింది. ఇక వెనక ఏది? ఊళ్లో ప్రతివాడూ జీపుదే వెయ్యమన్నాడు, అది విరగదని. విరగదు, నిజమే. కానీ చిన్న లెక్క ఉంది. యాక్సిల్ షాఫ్ట్ మీద పడే మెలికకి హద్దు ఇంజను కాదు, టైరు. టైరు జారిపోయిన తర్వాత మెలిక పెరగదు. ఆరొందల కిలోల బండిలో వెనక పడేది 320 అనుకోండి. పొడి నేల మీద పట్టు అందులో 80 శాతం, అంటే 256 కిలోలు. టైరు కేంద్రం నుంచి నేలకి 33 సెంటీమీటర్లు. రెండు షాఫ్టులకీ కలిపి దాదాపు 84 కిలోగ్రామ్ మీటర్లు, ఒక్కోదానికి 42. సామానుతో టన్నున్నర దాటే జీపు షాఫ్ట్ దీనికి రెట్టింపుకి పైగా మోస్తుంది. ఆ బలం మాకు అక్కర్లేదు, దాని ఇనుము మాత్రం ప్రతి గుంటలో ఎగిరి స్ప్రింగు మీద పడుతుంది. బండి ఎంత తేలికైతే యాక్సిల్ బరువు అంత గట్టిగా తెలుస్తుంది. పైగా జీపు వెనక డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు, కుడివైపుకి ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేసు అటు ఉంటుంది కాబట్టి జీపులో అది సబబు. మా బండిలో గేరుబాక్సు నడిమధ్య ఉంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఏటవాలుగా పోయి క్రాసులు తినేస్తుంది.

మారుతీ ఓమ్నీ యాక్సిల్ తేలిక, చవక. పళ్లు ముద్దగా ఊడివస్తాయి కూడా. కానీ అది 12 అంగుళాల చక్రాలది. తోటలో మొద్దులూ, కొబ్బరి బొండాలూ దాటాలంటే నేలకి మరీ దగ్గర. చివరికి పాత జిప్సీ యాక్సిలే తీసుకున్నాం, పళ్లు 37కి 9, అంటే 4.11. దానికీ పళ్లు ముద్దగానే వస్తాయి. ఇంకో లాభం, దాని చక్రం బోల్టుల వలయం జీపుదీ ఒకటే, అయిదు బోల్టులు, అయిదున్నర అంగుళాలు. బోల్టు మరలు వేరైనా చక్రం కూచుంటుంది. ఊళ్లో పాత జీపు చక్రానికి కొరతేముంది?

మెరుగుపరచడం అంటే పెద్దది వెయ్యడమని కుర్రాళ్లు అనుకుంటారు. మేం ఎక్కువగా తీసేశాం. కమాను కట్టలో పట్టీలు తగ్గించాం, లేకపోతే ఖాళీ బండి కుదుపుకి వెన్ను విరుగుతుంది. పట్టీలు తగ్గితే క్లచ్ వదిలినప్పుడు యాక్సిల్ ముక్కు పైకెత్తుతుంది కాబట్టి రెండు కడ్డీలు కట్టాం, అయితే డిఫరెన్షియల్ అడుగున కాదు, రెండు చివర్లలో, స్ప్రింగు కూచునే చోట. సెవెన్ కారు కథ విన్నవాడు ఇంకోచోట కట్టడు. వెనక బ్రేకు సిలిండరు చిన్నది వేశాం. జిప్సీ బరువుకి చేసిన బ్రేకు ఆరొందల కిలోల బండిలో ముందు చక్రాలకంటే ముందే వెనకవి పట్టేసి, తడి నేల మీద బండిని అడ్డం తిప్పేస్తుంది. హౌసింగ్ వెడల్పు ఎక్కువైందని కోసి, షాఫ్టు కురచచేసి మళ్లీ పళ్లు కోయిద్దామని ఒకరన్నారు. నేను ఒప్పుకోలేదు. షాఫ్టు పైపొరకి ఫ్యాక్టరీలో ఇచ్చిన కాఠిన్యం కోసిన చోట పోతుంది, దాన్ని మళ్లీ ఇచ్చే కొలిమి ఈ దీవిలో లేదు. వెడల్పుకి తగ్గట్టు బాడీయే పెంచాం.

అన్నిటికంటే చిన్న పని, అన్నిటికంటే విలువైనది, గాలి గొట్టం. హౌసింగ్ పైన చిన్న కంత ఉంటుంది, వేడికి పెరిగిన గాలి బయటికి పోవడానికి. వేడెక్కిన యాక్సిల్ వాగులో దిగితే ఠక్కున చల్లబడి లోపలికి పీలుస్తుంది, గాలి బదులు నీళ్లు. రబ్బరు గొట్టం తగిలించి సీటు వెనక దాకా పైకి తెచ్చాం. దీని విలువ ఊరంతటికీ తెలిసిన రోజు వేరే ఉంది.

2004 డిసెంబరు 26 సునామీ తర్వాత మా షెడ్డుకి వచ్చిన యాక్సిళ్లని నేను ఎప్పుడూ మర్చిపోను. దక్షిణ అండమాన్ నేల దాదాపు మీటరు కుంగింది. సిప్పీఘాట్‌లో పొలాలూ రోడ్డూ నీట మునిగాయి. మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్లు ఎన్నో. అలాంటప్పుడు బండి గురించి మాట్లాడటం ఎలాగా అని నోరు రాలేదు. కానీ బళ్లు కదలాలి, నీళ్లు మోయాలి, క్యాంపులకి బియ్యం చేరాలి. డ్రెయిన్ బోల్టు విప్పితే నూనె బదులు పాలలాంటి బూడిదరంగు ద్రవం పడేది. ఉప్పునీరు కలిసిన గేరు నూనె అది. రెండు రోజుల్లో విప్పి, మంచినీళ్లతో కడిగి, డీజిల్‌తో కడిగి, కొత్త నూనె పోసినవి బతికాయి. వారం ఆగినవాటిలో బేరింగ్ రోలర్లకి తుప్పు మచ్చలు లేచాయి, పళ్ల మీద గుంటలు పడ్డాయి. జీపు హౌసింగులకి చాలా సమయం పట్టింది. ముద్దగా ఊడివచ్చేవి ఎన్నో పట్టుకొచ్చి బల్ల మీద వరసగా పెట్టి, రాత్రంతా లాంతరు వెలుగులో చేశాం. అప్పుడు ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు. షెడ్డులో ఎవరూ తీసుకుందామనీ అనలేదు.

ఇప్పుడు ఆ పని తగ్గిపోయింది. అంబాసిడర్ 2014లో ఆగింది. వచ్చే చిన్న కార్లకి ఇంజనూ లాగుడూ ముందే, వెనక ఉన్నది ఉత్త కడ్డీ. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండి మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ని గట్టిగా చెప్పాక, రోడ్డెక్కే జీపు మార్పులు షెడ్డుల్లో దాదాపు ఆగిపోయాయి. ఆ తీర్పు సరైనదే. ఎక్కడో వెల్డింగ్ చేసిన యాక్సిల్ ఊడి వెనక వచ్చేవాడి మీద పడితే బాధ్యత ఎవరిది? అయితే తోటల్లో, ప్రైవేటు నేల మీద, పోటీల మైదానాల్లో తేలికబళ్ల పని ఉంది. ఇంజనీరింగ్ పిల్లలు బాహా అనే కాలేజీ బళ్ల పోటీకి బండి చేస్తామని వస్తారు. ఒంటి సిలిండరు ఇంజను, పైపుల ఛాసిస్. మొన్న ఒక అబ్బాయి కంప్యూటరులో గీసిన వెనక భాగం చూపించి, “బాబాయ్, దీనికి జీపు యాక్సిల్ వేస్తే స్ట్రాంగ్‌గా ఉంటుంది కదా?” అన్నాడు. బండి బరువు ఎంత, వెనక ఎంత పడుతుంది, టైరు వ్యాసం ఎంత అని అడిగాను. మూడూ కాగితం మీద రాసుకుని సోమవారం రమ్మన్నాను. ఈలోగా షెడ్డు వెనక పడున్న ఓమ్నీ యాక్సిల్ని జాకీ మీద పెట్టి, టైరు మీద సుద్ద గీసి, పళ్లు తనే లెక్కపెట్టుకు పొమ్మన్నాను.